మధ్యాహ్నం సోలార్ ఆపించి, రాత్రికి పది రూపాయలకు కరెంటు కొనడం ఏమిటి?

పలమనేరు_కుర్రోడు · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. కరెంటు ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళు ఇక్కడ ఉన్నారని తెలిసి అడుగుతున్నాను. 2025 మధ్యకొచ్చేసరికి దేశంలోని మొత్తం విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు కానిదే అయిందని కేంద్రం ప్రకటించింది. సంతోషం. అదే ఏడాది రాజస్థాన్‌లో సోలార్ పార్కులను మధ్యాహ్నం పూట తగ్గించుకోమంటున్నారని వార్తలు. సాయంత్రం ఏడయ్యేసరికి కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర ఎగబాకి, గట్టి ఎండాకాలం రోజుల్లో 10 రూపాయల సీలింగు (అంతకు మించకూడదన్న పరిమితి) దగ్గర కూర్చుంటోంది. పగలు పారబోసి రాత్రి కొనుక్కుంటున్నామన్నమాట.

దీనికి మందు స్మార్ట్ గ్రిడ్ (మీటర్లు, కంప్యూటర్లతో ఎప్పటికప్పుడు చూసుకుంటూ నడిపే కరెంటు వ్యవస్థ) అంటున్నారు. మా వీధిలో మాత్రం స్మార్ట్ గ్రిడ్ పేరుతో కొత్త మీటరు బిగించడం ఒక్కటే కనిపించింది. మీటరు మారిస్తే మధ్యాహ్నం ఎండ రాత్రికి వస్తుందా? తెలిసినవాళ్ళు కాస్త విడమర్చి చెప్పండి.

ఇంకో సంగతి. మా ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది. ఎండాకాలం మధ్యాహ్నాలు అది తనంతట తనే ఆగిపోతోంది. దానికి వేరే థ్రెడ్ తెరవమంటే తెరుస్తాను.

చిటపట · సోమవారం రాత్రి 9:20

స్మార్ట్ గ్రిడ్ అంటే బిల్లును స్మార్ట్‌గా పెంచడం. ఇందులో చర్చించడానికి ఏముంది?

షిఫ్ట్_ఇంచార్జ్ · సోమవారం రాత్రి 10:45

చిటపట గారి మాట అలా ఉంచి అసలు ప్రశ్నకు వస్తాను. నేను లోడ్ డిస్పాచ్‌లో, అంటే ఉత్పత్తినీ వాడకాన్నీ సరితూచే కంట్రోల్ రూములో, షిఫ్టులు చేసి రిటైరైనవాణ్ణి. కంట్రోల్ రూములో కూర్చుంటే ఇది ఎలా కనబడుతుందో చెబుతాను.

అక్కడ రోజంటే 96 బ్లాకులు. ఒక్కోటి 15 నిమిషాలు. ఏ బ్లాకులో ఎవరు ఎంత ఉత్పత్తి చేస్తారు, ఏ డిస్కం (ఇళ్ళకు, పొలాలకు కరెంటు పంచే సంస్థ) ఎంత తీసుకుంటుంది అని ముందురోజే షెడ్యూలు పడుతుంది. ఆ రోజంతా దాన్ని సవరించుకుంటూ పోతారు. ఎదురుగా గోడ మీద పెద్ద అంకెల్లో కనిపించేది ఫ్రీక్వెన్సీ. 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య ఉండాలి. ఉత్పత్తి ఎక్కువైతే పైకి పోతుంది, వాడకం ఎక్కువైతే కిందికి జారుతుంది.

ఇప్పుడు ఒక లెక్క. అంకెలు నేను వేసుకున్నవే, పద్ధతి మాత్రం అదే. సాయంత్రం ఏడున్నరకు బొగ్గు ప్లాంట్ల నుంచి 8,000 మెగావాట్లు కావాలనుకోండి. బొగ్గు యూనిట్‌ను మధ్యాహ్నం ఆపి సాయంత్రానికి వెలిగించుకుందామంటే కుదరదు. చల్లారిన బాయిలర్‌ను మళ్ళీ గ్రిడ్‌కి ఎక్కించడానికి గంటలు పడుతుంది, ఆయిల్ తగలెయ్యాలి, ఇలా రోజూ చేస్తే ట్యూబులు లీకవుతాయి. అందుకని సాయంత్రం అవసరమయ్యే యూనిట్లన్నీ మధ్యాహ్నం కూడా నడుస్తూనే ఉండాలి. తగ్గించగలిగేది 55 శాతం దాకానే. అంటే సాయంత్రం 8,000 కావాలంటే మధ్యాహ్నం 4,400 మండుతూనే ఉంటుంది. సోలార్‌కి దక్కేది ఆ 4,400 పోగా మిగిలిన డిమాండు. ఆదివారం వచ్చి, పైగా వానపడి పొలాల్లో మోటార్లు ఆగాయనుకోండి, ఆ మిగిలింది చాలదు. ఎవరో ఒకరికి ఫోన్ చేసి తగ్గించుకోమనక తప్పదు. రాజస్థాన్‌లో దీనికి తోడు లైన్ల గొడవ కూడా ఉంది. పార్కు ఏడాదిన్నరలో లేస్తుంది, దాని కరెంటు మోసుకెళ్ళే 765 కేవీ లైనుకు దారి హక్కులు తేలేసరికే అంతకు మించి పడుతుంది.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఆ 55ని 40కి దించమంటోంది, 2023లో నిబంధనలు కూడా ఇచ్చింది. 40కి వస్తే పై లెక్కలో 1,200 మెగావాట్ల సోలార్‌కి చోటు దొరుకుతుంది, కొత్తగా ఒక్క బ్యాటరీ పెట్టకుండానే. కానీ 40 శాతం దగ్గర మంట నిలకడగా ఉండాలంటే కంట్రోళ్ళు మార్చాలి, బొగ్గు సమంగా ఉండాలి, యూనిట్‌కి పడే ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు ఎవరిస్తారో తేలందే జెన్‌కోలు (కరెంటు ఉత్పత్తి చేసే ప్రభుత్వ సంస్థలు) కదలవు. అందరూ మీటరు వైపు చూస్తున్నారు గానీ, నన్నడిగితే మొదటి మార్పు ముద్దనూరు, ఇబ్రహీంపట్నం లాంటి చోట్ల బాయిలర్ దగ్గర జరగాలి.

పలమనేరు_కుర్రోడు · సోమవారం రాత్రి 11:02

సార్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. బొగ్గు అంత మొండిదైతే మరి నీళ్ళు? శ్రీశైలం, సాగర్ ఉన్నాయి కదా?

షిఫ్ట్_ఇంచార్జ్ · మంగళవారం ఉదయం 6:30

నీళ్ళంత మాట వినేది ఇంకోటి లేదు. 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి దేశమంతా తొమ్మిది నిమిషాలు లైట్లార్పమన్నారు గుర్తుందా? 12 నుంచి 14 వేల మెగావాట్లు తగ్గుతుందని అంచనా వేసుకుంటే 31 వేలు తగ్గింది. దాన్ని కాచుకున్నది ముఖ్యంగా హైడ్రోనే. 17 వేల మెగావాట్లకు పైగా దించి, నిమిషాల్లో మళ్ళీ ఎక్కించారు.

మన దగ్గర ఇంకో విశేషం. నాగార్జునసాగర్‌లో 110 మెగావాట్ల యూనిట్ ఒకటి మామూలుది, మిగిలిన ఏడూ 100.8 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు. అంటే కరెంటిస్తే నీటిని వెనక్కి పైకి తోడతాయి. శ్రీశైలం ఎడమగట్టున భూగర్భంలో 150 మెగావాట్లవి ఆరు, అవీ రివర్సిబులే. సోలార్ అన్న మాటే లేని రోజుల్లో సాగర్‌వి పెట్టారు. రాత్రి మిగిలే బొగ్గు కరెంటుతో తోడుకుందామని అప్పటి ఆలోచన. ఇప్పుడు పగలు మిగిలే సోలార్‌తో తోడాలి, అంతే తేడా.

కానీ తోడాలంటే కింద నీళ్ళు నిలవాలి. సాగర్‌కి టెయిల్‌పాండ్ (ఆ నీళ్ళు నిలిపే కింది చెరువు) కట్టడానికి దశాబ్దాలు పట్టింది. రాష్ట్రం విడిపోయాక నీటి లెక్కలు వేరయ్యాయి. కరెంటు కోసం వదిలిన చుక్క తాగునీటి ఖాతాలోదా, సాగు ఖాతాలోదా అన్న తగాదా మొదలైంది. యంత్రం ఉన్నా అధికారం రెండు చోట్ల ఉంది.

గాలిమర_మేనేజర్ · మంగళవారం ఉదయం 8:15

అందుకే ఇప్పుడు అందరూ నదికి దూరంగా కడుతున్నారు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో కంపెనీ పంప్డ్ స్టోరేజీ 1,680 మెగావాట్లు. నీళ్ళు ఒకసారి నింపుకుంటే పై చెరువుకీ కింది చెరువుకీ మధ్యే తిరుగుతుంటాయి, ఆవిరైనంత మటుకు మళ్ళీ పోసుకోవాలి. నదీ జలాల పేచీ ఉండదు. ఏపీ జెన్‌కో ఎగువ సీలేరులో 1,350 మెగావాట్లది వేరేగా తలపెట్టింది.

నేను అనంతపురం వైపు ఒక విండ్ ఫారంలో పనిచేస్తాను. మా బాధ కూడా వినండి. రేపు ఏ 15 నిమిషాలకు ఎంత గాలి వీస్తుందో మేం ఈరోజే చెప్పాలి. తప్పితే డీవియేషన్ చార్జీలు, అంటే చెప్పినదానికీ ఇచ్చినదానికీ ఉన్న తేడాకు కట్టే సొమ్ము. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలి బాగానే ఉంటుంది, కానీ ఒక ఉరుముల మబ్బు వస్తే పావుగంటలో లెక్కంతా తారుమారు. ఫోర్‌కాస్టింగ్ కోసం 2020లో దేశంలో 11 చోట్ల రెన్యూవబుల్ ఎనర్జీ మేనేజ్‌మెంట్ సెంటర్లు పెట్టారు, ఆంధ్రప్రదేశ్‌కీ ఒకటుంది. అది వచ్చాక పరిస్థితి మెరుగైన మాట నిజం. స్మార్ట్ గ్రిడ్‌లో నాకు కనబడిన మొదటి స్మార్ట్ అదే. మీటరు కాదు.

ఇంకోటి. తగ్గించుకోమనేవాళ్ళు గ్రిడ్ భద్రత అనే అంటారు. తమిళనాడు సోలార్ కేసులో 2021 ఆగస్టులో విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఏం చెప్పిందో చదవండి. గ్రిడ్‌కి ముప్పు లేకుండా, చవక కరెంటు ఇంకెక్కడో దొరికిందని సోలార్‌ను ఆపడం చెల్లదంది, పరిహారం కట్టమంది. షిఫ్ట్ గారూ, మీరు పెద్దవారు, ఏమీ అనుకోకండి. ఫోన్ చేసేవాళ్ళందరూ ఫ్రీక్వెన్సీ చూసే చేస్తారా?

షిఫ్ట్_ఇంచార్జ్ · మంగళవారం ఉదయం 9:05

అందరూ కాదు. అంతకంటే ఈ వేదిక మీద రాయను.

చిటపట · మంగళవారం ఉదయం 9:11

హహ. రిటైరైనా సర్వీసు రూల్సు పోలేదు.

అనంత_రైతు · మంగళవారం మధ్యాహ్నం 1:40

మా పొలానికి పగలు తొమ్మిది గంటలు కరెంటు ఇస్తున్నారు. ముందు రాత్రిళ్ళు ఇచ్చేవాళ్ళు. టార్చిలైటు పట్టుకొని పోయి మోటరు వేసేది, పాము కాటుకు పోయినోళ్ళు, తడి చేత్తో స్టార్టర్ ముట్టుకొని పోయినోళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళల్లో ఉన్నారు. పగలు ఇచ్చింది రైతు మీద ప్రేమతో అనుకున్నాం. మీ మాటలు చదివితే సోలార్ మిగిలిపోతా ఉందని ఇచ్చినట్టుంది. ఏదైనా మాకు మంచిదే, పగటి కరెంటు పోగొట్టొద్దు.

కానీ ఒకటి అడుగుతా. ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి మాకొచ్చే లైను) మీద మోటర్లన్నీ ఒకే టైముకు ఆన్ అయితే వోల్టేజీ పడిపోయి మోటరు కాలిపోతాది. వైండింగు ఖర్చు రైతుదే. దీనికి మీ స్మార్ట్ దాంట్లో ఏమన్నా ఉందా?

సబ్‌స్టేషన్_ఏఈ · మంగళవారం రాత్రి 8:50

అన్నా, నీ ప్రశ్న దగ్గరే అసలు విషయం ఉంది. నేను ఒక డిస్కంలో ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరుని), ఏ జిల్లానో అడక్కండి.

వ్యవసాయ ఫీడర్లను ఊరి ఫీడర్ల నుంచి విడదీశాక వాటిని మాకు కావలసిన గంటల్లో ఆన్ చేయడం కుదురుతోంది. ఇళ్ళకు చెప్పలేం, రెండింటికి అన్నం వండుకోండి, ఏడింటికి ఏసీ వేయొద్దు అని. మోటారుకు మాత్రం పదింటికి నీళ్ళు తోడినా రెండింటికి తోడినా మడి తడుస్తుంది. కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉన్న అతిపెద్ద, అతి చవక బ్యాటరీ బోరు మోటారే. ఫీడర్లను రెండు మూడు గ్రూపులు చేసి, ఒక గ్రూపు ఏడింటికి, ఇంకోటి తొమ్మిదింటికి ఎక్కేలా చేస్తే సోలార్ పెరిగే కొద్దీ లోడు కూడా దాని వెంటే పెరుగుతుంది. వోల్టేజీ కూడా నిలబడుతుంది. సబ్‌స్టేషన్ దగ్గర రిమోట్‌తో పనిచేసే బ్రేకరూ, ఫీడర్‌కి ఒక మంచి మీటరూ ఉంటే చాలు. మోటారు మోటారుకీ మీటరు అక్కర్లేదు.

అనంత_రైతు · మంగళవారం రాత్రి 9:15

ఈ మాట రాసిపెట్టుకుంటా తమ్ముడూ. ఫీడర్‌కి ఎన్ని మీటర్లయినా పెట్టుకోండి. నా మోటరుకు వద్దు. ఈరోజు లెక్క కోసం అంటారు, రేపు బిల్లు కోసం అంటారు.

అయినా మా మోటర్లనే బ్యాటరీ అంటుండారు. బ్యాటరీ అద్దె ఎవరికిస్తారు?

గాలిమర_మేనేజర్ · మంగళవారం రాత్రి 9:22

ఈ ప్రశ్నకు సెల్యూట్. బ్యాటరీ కంపెనీకైతే మెగావాట్‌కి నెలకింత అని అద్దె ఇస్తున్నారు. 2022లో సెకీ (కేంద్ర ప్రభుత్వ సోలార్ సంస్థ) మొదటి పెద్ద టెండరులో అది 10.83 లక్షలు పలికింది. తర్వాత మూడేళ్ళలో రెండు లక్షల చిల్లర దాకా దిగింది. రైతు మోటారు మాత్రం ఉచితంగా సర్దుకుపోతోంది.

చిటపట · మంగళవారం రాత్రి 9:30

రైతుకి కరెంటే ఉచితం కదా స్వామీ. ఇంకా అద్దె కూడానా?

ఓరుగల్లు_మోటారు · మంగళవారం రాత్రి 10:40

తెలంగాణ తరఫున ఒక మాట. మా దగ్గర 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటలు. మోటర్లు పాతిక లక్షలకు పైనే ఉన్నయి. లెక్క తీయండి, మోటరుకు 5 హెచ్‌పీ అనుకుంటే అన్నీ ఒక్కసారి తిరిగితే 9 వేల మెగావాట్లు దాటుతది. అన్నీ ఒక్కసారి తిరగవు గానీ, 2025 మార్చిల రాష్ట్రం గరిష్ఠ డిమాండే (పీకు) 17 వేల మెగావాట్లు దాటింది, కాబట్టి ఆ లోడు ఎంత పెద్దదో చూసుకోండి.

24 గంటలు అన్నాక ఎప్పుడు తోడాలనేది రైతు చేతిల ఉంటది. ఆటో స్టార్టర్లు పెట్టి మరిచిపోతే రాత్రంతా మోటరు తిరుగుతనే ఉంటది. ఆటో స్టార్టర్లు తీసేయమని అప్పట్ల సర్కారే ఊరూరా చెప్పింది. భూగర్భ నీళ్ళు అడుగంటుతయని భయం. ఏఈ సార్ చెప్పినట్టు గ్రూపులు చేసి పగలే ఇస్తమంటే మా ఊళ్ళ ఒప్పుకోరు. గంటలు కోస్తున్నరు అంటరు. ఆ మాట అన్న నాయకుడు ఓడిపోతడు. ఇది ఇంజినీరింగు కాదు, ఓటు.

సబ్‌స్టేషన్_ఏఈ · బుధవారం ఉదయం 7:10

ఓట్ల సంగతి నాకు వదిలెయ్యండి. కానీ 24 గంటలు ఉంచుతూనే పగటి వైపు లాగవచ్చు. ఫీడర్‌కి పగలు త్రీ ఫేజు నిండు వోల్టేజీతో గ్యారంటీ, కాలిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి గడువు. రాత్రి కరెంటు ఉన్నా తోడేవాడు తగ్గుతాడు. రైతు రాత్రి తోడేది పగలు వోల్టేజీ లేకనే.

మ్యూనిక్_తెలుగోడు · బుధవారం మధ్యాహ్నం 2:25

నేను జర్మనీలో ఇన్వర్టర్ (ప్యానెళ్ళ డీసీ కరెంటును గ్రిడ్‌కి సరిపడే ఏసీగా మార్చే పెట్టె) కంట్రోల్స్ మీద పనిచేస్తాను. ఇప్పటిదాకా అందరూ యూనిట్ల గురించే మాట్లాడారు, ఎప్పుడు మిగులు, ఎప్పుడు లోటు అని. సెకన్లలో, మిల్లీసెకన్లలో జరిగే కథ వేరే ఉంది.

2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ మధ్యాహ్నం పన్నెండున్నరకు మొత్తం చీకటైపోయాయి. ఎండ దంచుతున్న వేళ. మా ఊరి వాట్సాప్ గ్రూపుల్లో కూడా 'సోలార్ వల్లే' అని తిరిగింది. దర్యాప్తులో బయటపడింది వోల్టేజీ కథ. ముందు గ్రిడ్ అటూ ఇటూ ఊగింది. దాన్ని అణచడానికి తీసుకున్న చర్యలు వోల్టేజీని పెంచాయి. వోల్టేజీని పట్టి ఉంచాల్సిన సంప్రదాయ ప్లాంట్లు కావలసినంత రియాక్టివ్ పవర్ (ఇది పీల్చుకుంటే వోల్టేజీ తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది) పీల్చుకోలేదు. సోలార్, విండ్ ప్లాంట్లేమో అప్పటి నిబంధనల ప్రకారం స్థిరమైన పవర్ ఫ్యాక్టరులో నడుస్తున్నాయి, అంటే వోల్టేజీ ఎటు పోతున్నా వాటికి పట్టదు. పెరిగిన వోల్టేజీకి ఒక్కో ప్లాంటూ తనను తాను కాపాడుకుంటూ ఊడిపోయింది. ఊడే కొద్దీ వోల్టేజీ ఇంకా పెరిగింది. క్షణాల్లో 15 వేల మెగావాట్లు పోయాయి. ఆ తర్వాత, జూన్‌లో, సోలార్, విండ్ కూడా వోల్టేజీ నియంత్రణలో పాల్గొనేలా అక్కడి రెగ్యులేటర్ నిబంధన మార్చింది.

అంటే ఆ ఇన్వర్టర్లకు ఆ పని చేయడం ముందునుంచే చేతనవును. చేయమని ఎవరూ చెప్పలేదు, డబ్బు ఇవ్వలేదు.

మనకు సంబంధం లేదనుకోకండి. రాజస్థాన్‌లో 2022 ప్రాంతంలో ఎక్కడో లైను ఫాల్టు వస్తే వందల కిలోమీటర్ల పరిధిలో సోలార్ వెయ్యి మెగావాట్లకు పైగా ఒక్కసారిగా ఊడిన ఘటనలు పదేపదే జరిగాయి. ఫాల్టు వచ్చిన ఆ కొద్ది క్షణాలు తట్టుకొని గ్రిడ్‌ని అంటిపెట్టుకోవాలని రూలు ఉంది. సెట్టింగులు సరిగ్గా ఉండవు, కమిషనింగ్ అప్పుడు ఎవరూ గట్టిగా పరీక్షించరు.

గాలిమర_మేనేజర్ · బుధవారం సాయంత్రం 6:05

ఇది నిజం. కాగితం మీద అన్ని ప్లాంట్లూ తట్టుకుంటాయి. అసలు పరీక్ష ఫాల్టు వచ్చిన రోజే.

పలమనేరు_కుర్రోడు · బుధవారం సాయంత్రం 6:40

బ్రో, ఇనర్షియా అని చాలామంది అంటారు. అది తక్కువైతే కూడా ఇలాగే పడిపోతుందా?

మ్యూనిక్_తెలుగోడు · బుధవారం రాత్రి 7:15

ఇనర్షియా అంటే తిరుగుతున్న టర్బైన్ల బరువులో దాగిన శక్తి. ఉన్నట్టుండి ఒక ప్లాంటు పోతే ఫ్రీక్వెన్సీ నిట్టనిలువునా పడకుండా రెండు మూడు సెకన్లు ఆపుతుంది. దక్షిణ ఆస్ట్రేలియా 2016 సెప్టెంబర్ 28న అలా పోయింది. తుపానుకు టవర్లు కూలాయి, వరస ఫాల్టులకు గాలిమరల సాఫ్ట్‌వేర్ చేతులెత్తేసింది, పక్క రాష్ట్రంతో కలిపే లైను మీద భారం పడి అదీ తెగింది. ఒంటరిగా మిగిలిన గ్రిడ్‌కి ఇనర్షియా చాల్లేదు. మరుసటి ఏడాది చివరికల్లా అక్కడ హార్న్స్‌డేల్‌లో 100 మెగావాట్ల బ్యాటరీ పెట్టారు. అది కరెంటు దాచుకోవడం కంటే ఎక్కువగా ఫ్రీక్వెన్సీని పట్టి ఉంచడంలోనే డబ్బు సంపాదించింది.

మన దేశానికి ఆ భయం ప్రస్తుతానికి తక్కువ. దేశమంతా ఒకే గ్రిడ్.

షిఫ్ట్_ఇంచార్జ్ · బుధవారం రాత్రి 8:30

ఒకే గ్రిడ్ అయ్యి ఎంతో కాలం కాలేదు బాబూ. 2012 జూలై 30, 31 తేదీల్లో గ్రిడ్ కూలి ఉత్తరాదంతా చీకట్లో ఉంటే మనం ఇక్కడ ఫ్యాన్ కింద కూర్చొని టీవీలో చూశాం. అప్పటికి దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో ఏసీ లైన్లతో కలవలేదు. గాజువాకలో, చంద్రాపూర్ దగ్గర భద్రావతిలో, తాల్చేర్ నుంచి కోలార్‌కి డీసీ లింకులే ఉండేవి. ఏసీని డీసీ చేసి మళ్ళీ ఏసీ చేస్తే అవతల గ్రిడ్ జబ్బు ఇవతలికి అంటదు. 2013 డిసెంబర్ 31న రాయచూరు-షోలాపూర్ 765 కేవీ లైను కలిపాక ఒకే ఫ్రీక్వెన్సీ అయింది. అప్పటినుంచి మంచికైనా చెడ్డకైనా అందరం ఒకటే. గాలివాటంగా తమిళనాడులో ఎక్కువైన విండ్‌ను ఇప్పుడు ఉత్తరాదికి పంపగలుగుతున్నాం, రాయగఢ్-పుగలూరు డీసీ లైను రెండువైపులా నడుస్తుంది.

ఓరుగల్లు_మోటారు · గురువారం ఉదయం 10:10

మోటర్ల సంగతి వదిలేసిండ్రు. చిన్న మోటర్ల కన్న పెద్ద మోటర్లను అడగాలె. కాళేశ్వరంల లక్ష్మీపూర్ దగ్గర భూమి లోపల గాయత్రి పంప్‌హౌస్‌ల 139 మెగావాట్ల మోటర్లు ఏడున్నయి. అన్నీ తిరిగితే 970 మెగావాట్లు దాటుతది. పాలమూరు లిఫ్టుల 145 మెగావాట్లవి పెడుతున్నరు. రైతు మోటరుకు గంటలు కొయ్యకుండ, వీటిని ఎండ గంటల్ల తిప్పితే? సర్కారు మోటరే కాబట్టి ఓట్ల బాధ లేదు.

సబ్‌స్టేషన్_ఏఈ · గురువారం మధ్యాహ్నం 1:30

ఇది నాకు బాగా నచ్చింది. ఒక్క ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే 139 మెగావాట్లు ఎక్కుతుంది. లక్షల మంది రైతులతో పనిలేదు.

షిఫ్ట్_ఇంచార్జ్ · గురువారం మధ్యాహ్నం 3:00

వినడానికి బాగుంది, కానీ లిఫ్టు డిజైను చేసేటప్పుడు వరద ఉండే కొద్ది రోజుల్లో పంపులు రాత్రింబవళ్ళు నడుస్తాయని లెక్కేస్తారు. ఆ రోజుల్లో ఎనిమిది గంటలకే పరిమితం చేస్తే మూడో వంతు నీళ్ళే ఎక్కుతాయి. మిగతావి బంగాళాఖాతానికి. అన్ని నీళ్ళూ ఎండ గంటల్లోనే ఎక్కాలంటే మూడు రెట్లు పంపులు, సొరంగాలు, సబ్‌స్టేషన్లు కావాలి. పైగా ఆ రోజులే మబ్బు రోజులు, సోలార్ తక్కువ. శ్రీశైలం, సాగర్‌లలో కూడా అప్పుడే హైడ్రో దండిగా వస్తుంది.

వరద తగ్గాక, ఒక రిజర్వాయర్ నుంచి ఇంకో రిజర్వాయర్‌కి నింపే నెలల్లో మాత్రం మీ ఆలోచన నూటికి నూరుపాళ్ళూ సరి. డిసెంబర్ నుంచి మార్చి దాకా ఎల్లంపల్లి నుంచి మిడ్‌మానేరుకి ఎత్తేదైనా, హంద్రీ-నీవా కాలువలోకి తోడేదైనా పగలే తోడాలి. రాత్రి తోడితే అది కేవలం అలవాటు కొద్దీ చేసే ఖర్చు. దానికి నీటిపారుదల శాఖా, విద్యుత్ శాఖా ఒకే షెడ్యూలు మీద కూర్చోవాలి. ఒకరి దగ్గర గేజీ రీడింగులు, ఇంకొకరి దగ్గర బ్లాకు ధరలు. ఈ రెండు పట్టికలు ఒక తెర మీద కనబడిన రోజున దాన్ని నేను స్మార్ట్ గ్రిడ్ అంటాను.

ఓరుగల్లు_మోటారు · గురువారం సాయంత్రం 5:20

వరద రోజుల ముచ్చట ఒప్పుకుంట. కానీ మార్చి నెలల పీకు వచ్చినప్పుడే యాసంగి నీళ్ళు కావాలె. అప్పుడు లిఫ్టులు, బోర్లు రెండూ పగలే తిరిగితే ఆ మధ్యాహ్నం లైన్లు మోస్తయా?

షిఫ్ట్_ఇంచార్జ్ · గురువారం సాయంత్రం 6:00

కొన్ని 220 కేవీ లైన్లు మోయవు. నిజమే.

చిటపట · గురువారం రాత్రి 9:00

ఇంతకీ నా మీటరు సంగతి ఎవరూ చెప్పలేదు. ప్రీపెయిడ్ అంటున్నారు, డబ్బు అయిపోతే అర్ధరాత్రి కట్ చేస్తారు, అవునా? 2021లో ఆర్‌డీఎస్‌ఎస్ (డిస్కంలను బాగుచేసే కేంద్ర పథకం) పేరుతో మూడు లక్షల కోట్ల పథకం, 25 కోట్ల మీటర్లు. ఆ డబ్బుతో లైన్లు వేయకూడదా?

సబ్‌స్టేషన్_ఏఈ · గురువారం రాత్రి 10:15

ఆ పథకంలో లైన్లకూ, ఫీడర్ల విభజనకూ కూడా డబ్బుంది. మీటరు ఒక్కటే కాదు. ప్రీపెయిడ్ మీద మీకున్న భయం అర్థం లేనిదని నేను అనను. రీచార్జి అయిపోతే రాత్రిళ్ళు, సెలవుల్లో కట్ చేయకూడదన్న షరతు కాగితం మీద కాదు, సాఫ్ట్‌వేర్‌లో ఉందా లేదా అని మీ దగ్గర అడగండి.

కానీ పలమనేరు తమ్ముడి సోలార్ ఆగిపోవడం ఉంది చూశారూ, ఆ జబ్బు కనిపెట్టడానికి స్మార్ట్ మీటరు కంటే మంచి సాధనం నాకు తెలియదు. ఎలాగంటే, వీధి చివరి ఇళ్ళలో సాయంత్రం వోల్టేజీ పడిపోతోందని ఎప్పుడో ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (బయటికొచ్చే వోల్టేజీని ఎక్కువ తక్కువ చేసే అమరిక) పెంచి పెట్టి ఉంటారు. అప్పుడు వీధిలో సోలార్ లేదు. ఇప్పుడు పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ అనేసరికి అయిదారు ఇళ్ళ మీద ప్యానెళ్ళు లేచాయి. మధ్యాహ్నం ఇళ్ళలో వాడకం ఉండదు, కరెంటంతా వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్ వైపు నడుస్తుంది. నెట్టేచోట వోల్టేజీ పెరుగుతుంది. ట్యాప్ వల్ల ముందే ఎక్కువున్న వోల్టేజీ ఇంకా పెరిగి ఇన్వర్టర్ పరిమితి దాటుతుంది. సెట్టింగును బట్టి 253 దగ్గరో, ఇంకాస్త పైనో అది తనను తాను ఆపుకుంటుంది. ఎండ బాగా ఉన్నప్పుడే ఆగిపోవడానికి కారణం ఇదే.

మాకు మాత్రం ఇది కనబడదు. సబ్‌స్టేషన్‌లో 11 కేవీ దాకా చూడగలం, ఆ తర్వాత గుడ్డితనం. లైన్‌మ్యాన్ మల్టీమీటర్‌తో సాయంత్రం నాలుగింటికి వస్తే అంతా బాగానే ఉంటుంది. అదే ప్రతి ఇంటి మీటరూ అరగంటకోసారి వోల్టేజీ పంపితే, ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఏ గంటకు ఎంత పెరుగుతోందో ఆఫీసులో కూర్చొని చూడొచ్చు. జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఉమ్మడి రాష్ట్రంలోనే స్మార్ట్ గ్రిడ్ పైలట్ మంజూరైంది, దేశంలోని 14 పైలట్లలో ఒకటి. ఇప్పుడు కోట్ల మీటర్లు వస్తున్నాయి. డేటా వస్తుంది, దాన్ని చూసే మనిషిని మాత్రం సెక్షన్ ఆఫీసులో ఎవరూ నియమించలేదు. నా కోపం అక్కడ.

మ్యూనిక్_తెలుగోడు · గురువారం రాత్రి 11:40

ఏఈ గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. ఆ ఇన్వర్టర్‌లోనే వోల్టేజీ పెరిగే కొద్దీ రియాక్టివ్ పవర్ పీల్చుకునే సెట్టింగు ఉంటుంది. చాలా మోడళ్ళలో ఫ్యాక్టరీ నుంచి అది ఆఫ్‌లో వస్తుంది. స్పెయిన్‌లో జరిగిందీ పలమనేరులో జరిగేదీ జాతి ఒకటే, సైజు వేరు. అయితే వీధి లైన్లలో రెసిస్టెన్స్ ఎక్కువ కాబట్టి దానివల్ల కొంతే తగ్గుతుంది, ట్యాప్ మార్చడమే ముందు.

పలమనేరు_కుర్రోడు · శుక్రవారం ఉదయం 7:30

ఇన్నాళ్ళూ ప్యానెళ్ళు అమ్మినవాళ్ళను తిడుతున్నాను! ఇంకో అనుమానం, కరెంటు పోతే పైన ఎండ కాస్తున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. ఇదీ సెట్టింగేనా?

సబ్‌స్టేషన్_ఏఈ · శుక్రవారం ఉదయం 8:05

కాదు, అది ఉండాల్సిందే. గ్రిడ్ పోయినప్పుడు నీ ఇన్వర్టర్ నడుస్తూ ఉంటే, లైను చచ్చిందనుకొని స్తంభం ఎక్కిన లైన్‌మ్యాన్ ప్రాణం పోతుంది. కరెంటు పోయినా నడవాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టుకొని, ఇంటిని గ్రిడ్ నుంచి విడదీసే ఏర్పాటుతో నడపాలి. ఖర్చు ఎక్కువ. మీ ఊళ్ళో కోతలు ఎక్కువగా లేకపోతే వద్దంటాను.

ట్యాప్ కోసం ఫిర్యాదు ఇలా ఇవ్వు. ఇన్వర్టర్ యాప్‌లో ఏ రోజు ఎన్నింటికి ఎంత వోల్టేజీ దగ్గర ఆగిందో లాగ్ ఉంటుంది. అది ప్రింటు తీసి, స్తంభం మీద రాసిన ట్రాన్స్‌ఫార్మర్ నంబరు వేసి, అదే ట్రాన్స్‌ఫార్మర్ కింద సోలార్ ఉన్న మిగతా ఇళ్ళవాళ్ళతో కూడా సంతకం పెట్టించు. 'సోలార్ పనిచేయడం లేదు' అని రాయకు, అలా రాస్తే ప్యానెళ్ళ కంపెనీకి పంపిస్తారు. 'మధ్యాహ్నం అధిక వోల్టేజీ' అని రాయి. ట్యాప్ మార్చడానికి సప్లై ఆపాలి, కాసేపటి పనే.

అనంత_రైతు · శుక్రవారం మధ్యాహ్నం 12:20

నాకూ ఒకటి చెప్పండి. మా ఫీడర్‌కి కుసుమ్ (సేద్యానికి సోలార్ పెట్టే కేంద్ర పథకం) కింద సబ్‌స్టేషన్ పక్కనే సోలార్ ప్లాంటు పెడతారంట, మెగావాట్‌కి నాలుగైదు ఎకరాలు కావాలని భూమి లీజుకు అడుగుతుండారు. ఇవ్వొచ్చా?

గాలిమర_మేనేజర్ · శుక్రవారం మధ్యాహ్నం 1:10

అన్నా, ఆలోచన మంచిదే. పొలం పక్కనే పుట్టిన కరెంటు పొలానికే పోతుంది, లైను నష్టం తగ్గుతుంది, నీ ఫీడర్ చివర వోల్టేజీ కూడా బాగుపడుతుంది. లీజు కాగితంలో మాత్రం మూడు చూసుకో. అద్దె ఎన్నేళ్ళకోసారి ఎంత శాతం పెరుగుతుంది, కంపెనీ మధ్యలో ఇంకొకరికి అమ్మేస్తే ఎవరు కడతారు, 25 ఏళ్ళయ్యాక దిమ్మెలు పీకి భూమిని చదును చేసిచ్చే బాధ్యత ఎవరిది. మూడోది చాలా కాగితాల్లో ఉండదు.

అనంత_రైతు · శుక్రవారం మధ్యాహ్నం 1:25

మాకిచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. తెలుగులో రాసివ్వమని అడుగుతా, వచ్చినాక ఇక్కడ పెడతా. చూసి చెప్పండి.